జింప్ డ్రాప్ షాడో: వెబ్ పేజీ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మల కోసం చాలా కాలం వాడాక రాస్తున్న రివ్యూ

వెబ్ పేజీ బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టే బొమ్మలకి మెత్తటి నీడ వెయ్యడానికి నేను జింప్ అనే బొమ్మలు ఎడిట్ చేసే ప్రోగ్రామ్‌లో ఉన్న డ్రాప్ షాడో ఫిల్టరే వాడుతున్నా, దాని 2.10 వెర్షన్‌లో వాడా, ఇప్పుడు 3.0 లో కూడా అదే వాడుతున్నా, కాబట్టి ఇది ఒక పూట తిప్పి చూసి రాసేది కాదు. ముందే చెప్పేస్తా, టూల్ చాలా మంచిది, ఫ్రీ, పెద్ద పనులకి కూడా సరిపోతుంది, కానీ ఫిల్టర్ తెరిచి ఏమీ మార్చకుండా ఓకే కొట్టేస్తే వచ్చే నీడ వెబ్ పేజీకి పనికిరాదు, అది నీడలా కాకుండా బొమ్మ వెనకాల మసి పూసినట్టు కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగిపోయి ఈ ఫిల్టర్ బాలేదు అనుకుంటారు, నాకు బాధగా అనిపించి ఇదంతా రాస్తున్నా.

జింప్ గురించి తెలియనివాళ్ళకి ఒక ముక్క. 1995 లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు స్టూడెంట్స్ మొదలుపెట్టిన ప్రోగ్రామ్ ఇది, 1996 లో జనాల చేతికి వచ్చింది, అప్పట్నుంచీ ఫ్రీగానే ఉంది. 2.10 వెర్షన్ 2018 లో, 3.0 వెర్షన్ 2025 మార్చిలో వచ్చాయి. నీడ విషయంలో ఈ రెండిటి మధ్య పెద్ద తేడానే ఉంది, దాని సంగతి కింద చెప్తా.

ఇప్పుడు మొదటి ప్రశ్న, సీఎస్ఎస్‌లో, అంటే వెబ్ పేజీ ఎలా కనపడాలో రాసే కోడ్‌లో, బాక్స్ షాడో ఉండగా బొమ్మలోనే నీడ వెయ్యడం ఎందుకు? సరైన ప్రశ్నే. మీకు కావాల్సింది ఒక పెట్టెకి, ఒక కార్డుకి, ఒక బటన్‌కి నీడ అయితే ఈ రివ్యూ చదవక్కర్లేదు, సీఎస్ఎస్‌లో ఒక్క లైన్ రాసేసుకోండి, సైజు మారినా దానంతట అదే సర్దుకుంటుంది, ఫైల్ బరువు కూడా ఉండదు. కానీ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. బాక్స్ షాడో ఎప్పుడూ పెట్టె అంచులకే పడుతుంది, లోపల బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన ఆకు బొమ్మకో, చింపిన కాగితం అంచుకో పడదు. పోనీ సీఎస్ఎస్‌లోనే ఫిల్టర్ ప్రాపర్టీలో డ్రాప్ షాడో ఉంది కదా, అది బొమ్మ ఆకారాన్ని పట్టుకుంటుంది కదా అంటే, పట్టుకుంటుంది నిజమే, కానీ అది పేజీలోని ఆ భాగం మొత్తానికి పడుతుంది, అంటే బ్యాక్‌గ్రౌండ్‌కి తోడు దాని మీద రాసిన అక్షరాలకి, లోపల ఉన్న బటన్లకి, అన్నిటికీ. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మని వేరే లేయర్‌లా విడగొట్టి దాటొచ్చు, నేనూ చేశా, కానీ పెద్ద బొమ్మకి పెద్ద బ్లర్ (అంచు మసకబార్చడం) ఇస్తే తిరిగి గీసినప్పుడల్లా బ్రౌజర్ ఆ పని మళ్ళీ చెయ్యాలి, పాత ఫోన్లలో అది తెలుస్తుంది. నీడ బొమ్మలోనే కలిసిపోయి ఉంటే ఆ గొడవే లేదు. అందుకే ఆకారం ఉన్న బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలకి ఇప్పటికీ నేను ఎడిటర్‌లోనే నీడ వేస్తా.

ఇక ఫిల్టర్ సంగతి. ఫిల్టర్స్ మెనూలో లైట్ అండ్ షాడో కింద ఉంటుంది. తెరవగానే ఎక్స్ 20, వై 20, బ్లర్ రేడియస్ 10, రంగు నలుపు, ఒపాసిటీ (నీడ ఎంత గట్టిగా కనపడాలో) 0.5 అని కనిపిస్తాయి. ఈ నంబర్లు ఎవరికి పనికొస్తాయో గానీ వెబ్‌కి మాత్రం కాదు. 20 పిక్సెల్స్ పక్కకి, 20 కిందకి జరిపి, బ్లర్ అందులో సగమే ఇస్తే నీడ బొమ్మ నుంచి విడిపోయి వేరే వస్తువులా నిలబడుతుంది, పైగా సగం నలుపు అంటే లేత రంగు పేజీ మీద చాలా ఎక్కువ. నేను వాడేది ఎక్స్ 0, వై 6 నుంచి 10 లోపు, బ్లర్ 14 నుంచి 18, ఒపాసిటీ 0.2 నుంచి 0.3 మధ్య. సూత్రం ఏంటంటే బ్లర్ ఎప్పుడూ జరిపిన దూరం కంటే ఎక్కువ ఉండాలి, అప్పుడే నీడకి అంచు ఎక్కడుందో కన్ను పట్టుకోలేదు. మెత్తటి నీడ అంటే అదే, ఎక్కడ మొదలైంది ఎక్కడ అయిపోయింది అని అడిగితే వేలు పెట్టి చూపించలేకుండా ఉండాలి.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియక ఇబ్బంది పడతారు. జింప్‌లో బ్లర్ రేడియస్ 10 అంటే సీఎస్ఎస్ బాక్స్ షాడోలో బ్లర్ 10 కాదు. జింప్ ఆ నంబర్‌ని గాసియన్ బ్లర్‌కి (అంచు మెల్లగా పల్చబడే రకం మసకకి) స్టాండర్డ్ డీవియేషన్‌గా, అంటే మసక ఎంత పరుచుకోవాలో చెప్పే కొలతగా, నేరుగా ఇచ్చేస్తుంది, బాక్స్ షాడోలో మాత్రం మనం ఇచ్చినదాంట్లో సగం తీసుకుంటారు. అంటే జింప్‌లో 10 పెడితే వచ్చే మెత్తదనం సీఎస్ఎస్‌లో 20 పెడితే వస్తుంది. ఒకే పేజీలో కార్డులకి సీఎస్ఎస్ నీడ, బ్యాక్‌గ్రౌండ్ బొమ్మకి జింప్ నీడ ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనపడాలంటే ఈ లెక్క తెలియాల్సిందే, లేకపోతే ఏదో తేడాగా ఉంది కానీ ఏంటో తెలియట్లేదు అని గంటలు కూర్చుంటాం, నేను అలా కూర్చున్నా.

ఇదే లెక్క ఇంకో చోట కూడా పనికొస్తుంది, అది మార్జిన్. గాసియన్ బ్లర్ రేడియస్ నంబర్ దగ్గర ఆగిపోదు, దాదాపు మూడు రెట్లు దూరం పాకుతుంది. బ్లర్ 10, వై 12 అనుకుందాం. కింద వైపు 30 ప్లస్ 12 మొత్తం 42 పిక్సెల్స్ ఖాళీ కావాలి, పై వైపు 30 లోంచి 12 తీస్తే 18, పక్కలకి 30 చొప్పున. ఆ ఖాళీ లేకపోతే నీడ మధ్యలో కత్తితో కోసినట్టు ఆగిపోతుంది, సన్నటి గీత కనిపిస్తుంది, తెల్ల పేజీ మీద అది ఎంత అసహ్యంగా ఉంటుందో. ఫిల్టర్‌లో క్లిప్పింగ్ అని ఒక ఆప్షన్ ఉంది, దాన్ని అడ్జస్ట్ మీద ఉంచితే లేయర్ దానంతట అదే పెద్దదవుతుంది, కానీ కాన్వాస్, అంటే లేయర్లన్నీ ఉండే మొత్తం బొమ్మ కొలత, పెద్దదవ్వదు! లేయర్‌లో నీడ పూర్తిగానే ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ చేసేసరికి కోసేసి ఉంటుంది. ఇమేజ్ మెనూలో ఫిట్ కాన్వాస్ టు లేయర్స్ ఒక్కసారి నొక్కితే చాలు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన పని మనదే, ఫిల్టర్ మనకి గుర్తుచెయ్యదు, ఈ విషయంలో మాత్రం నేను మార్కులు తగ్గిస్తా.

ఇంకోటి, నీడ బొమ్మ ఆకారాన్ని పట్టుకోవాలంటే చుట్టూ ట్రాన్స్‌పరెంట్‌గా ఉండాలి. జేపెగ్ ఫోటో తెచ్చి నేరుగా ఫిల్టర్ వేసేస్తే నీడ ఆ చదరానికి పడుతుంది తప్ప లోపలున్న వస్తువుకి పడదు. ముందు ఆల్ఫా ఛానల్ (ఏ పిక్సెల్ ఎంత ట్రాన్స్‌పరెంటో చెప్పే భాగం) పెట్టుకుని వెనకాల భాగం శుభ్రంగా కోసుకోవాలి, ఆ కోత సరిగా లేకపోతే నీడ దాన్ని ఇంకా బయటపెడుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, ఎందుకంటే దీని కోసం నేను చాలా తిప్పలు పడ్డా. ఒక పేజీలో రెండు సెక్షన్ల మధ్య చింపిన కాగితం అంచులాంటి పట్టీ పెట్టాల్సి వచ్చింది, 600 పిక్సెల్స్ వెడల్పు బొమ్మ, అడ్డంగా రిపీట్ అవుతూ పేజీ మొత్తం నిండాలి. కాగితం అంచు చక్కగా కలిసేలా గీసుకున్నా, నీడ వేశా, పెట్టా, చూస్తే ప్రతి 600 పిక్సెల్స్‌కి ఒక చోట నీడ లేతగా అయిపోయి నిలువు చారలా కనిపిస్తోంది. కాగితం గీత కలిసింది, నీడ మాత్రం కలవలేదు. కారణం తర్వాత అర్థమైంది, బ్లర్ లెక్క కట్టేటప్పుడు బొమ్మ అంచు అవతల ఏమీ లేదనే ఫిల్టర్ అనుకుంటుంది, అందుకని ఎడమ చివర కుడి చివర నీడ పల్చబడిపోతుంది, రిపీట్ అయినప్పుడు ఆ రెండు పల్చటి చివర్లు పక్కపక్కన వచ్చి చార పడుతుంది. దీనికి మందు ఏంటంటే, ఫిల్టర్స్‌లో మ్యాప్ కింద టైల్ అని ఉంది, దాంతో బొమ్మని అడ్డంగా మూడు సార్లు పక్కపక్కన పరిచి 1800 పిక్సెల్స్ చేసుకోవాలి, అప్పుడు నీడ వెయ్యాలి, పై కింద ఖాళీ సర్దుకున్నాక మధ్యలో ఉన్న 600 మాత్రమే కరెక్టుగా కోసుకోవాలి. మధ్య ముక్కకి రెండు పక్కలా పొరుగు ఉంది కాబట్టి నీడ నిండుగా ఉంటుంది, ఎన్ని సార్లు రిపీట్ చేసినా అతుకు కనపడదు. ఒకటి జాగ్రత్త, నీడ వేశాక కాన్వాస్ ఎడమ వైపు కూడా పెరిగి ఉంటుంది కాబట్టి కోసేటప్పుడు 600 దగ్గర మొదలుపెట్టకుండా ఎంత పెరిగిందో అంత కలుపుకుని మొదలుపెట్టాలి, అప్పుడే కాగితం గీత మళ్ళీ సరిగ్గా కలుస్తుంది. నిలువుగా రిపీట్ అయ్యే వాటికి కూడా ఇదే పద్ధతి. ఆ పట్టీ మొదటిసారి అతుకు లేకుండా స్క్రీన్ మొత్తం పరుచుకున్నప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

నీడ రంగు గురించి. నలుపే వాడాలా అని చాలామంది అడుగుతారు. నలుపుకి ఒక గుణం ఉంది, నల్ల నీడని ట్రాన్స్‌పరెంట్‌గా కింద ఏ రంగు మీద పెట్టినా అది ఆ రంగుని అదే నిష్పత్తిలో ముదురు చేస్తుంది, కింది రంగుతో గుణించి ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో పెట్టినట్టే. అందుకని పేజీ రంగు తర్వాత మారొచ్చు అనుకుంటే నలుపే సురక్షితం. పేజీ రంగు ఖాయం అయితే మాత్రం ఆ రంగునే బాగా ముదురు చేసి నీడకి వాడండి, లేత గంధం రంగు పేజీకి ముదురు గోధుమ నీడ, లేత నీలం పేజీకి ముదురు నీలం నీడ, తేడా మీకే తెలుస్తుంది, బూడిద చల్లినట్టు ఉండే ఆ నిర్జీవం పోతుంది. చీకటి బ్యాక్‌గ్రౌండ్ మీద మాత్రం ఏ నీడ వేసినా కష్టమే, అప్పటికే చీకటిగా ఉన్నచోట ఇంకా ఏం చీకటి చేస్తాం, అక్కడ వెనకాల కొంచెం వెలుగు పెంచుకోవడమే దారి. నేను చేసేది ఇంకోటుంది, పని మొదలుపెట్టగానే అన్నిటికంటే కింద ఒక లేయర్ పెట్టి పేజీ రంగుతో నింపేస్తా, నీడ సెట్ చేసేదంతా దాని మీద చూస్తూనే చేస్తా, ఎక్స్‌పోర్ట్ ముందు ఆ లేయర్ దాచేస్తా. ట్రాన్స్‌పరెంట్ చోట జింప్ చూపించే గళ్ళ బ్యాక్‌గ్రౌండ్ మీద చూసి ఒపాసిటీ నిర్ణయిస్తే ఎప్పుడూ తప్పే అవుతుంది.

గ్రో రేడియస్ అని ఇంకో స్లైడర్ ఉంది, చాలామంది ముట్టుకోరు. బ్లర్ చెయ్యకముందు నీడ ఆకారాన్ని లావు చేస్తుంది, మైనస్ నంబర్ ఇస్తే సన్నబరుస్తుంది. మైనస్ 4 మైనస్ 5 ఇచ్చి వై కొంచెం పెంచితే నీడ పక్కలకి రాకుండా బొమ్మ కిందే నక్కుతుంది, వస్తువు పేజీ నుంచి కొద్దిగా లేచినట్టు ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది. ఒపాసిటీ కూడా 1 దగ్గర ఆగదు, 2 వరకు వెళ్తుంది, సన్నటి గీతల బొమ్మలకి పెద్ద బ్లర్ ఇస్తే నీడ దాదాపు మాయమైపోతుంది కదా, అక్కడ ఇది ఆదుకుంటుంది.

నిజమైన వస్తువు నీడని గమనిస్తే వస్తువు ఆనుకున్న చోట సన్నగా ముదురుగా, దూరం వెళ్ళేకొద్దీ వెడల్పుగా లేతగా ఉంటుంది. ఒక్క బ్లర్‌తో అది రాదు, రెండు నీడలు కావాలి, ఒకటి చిన్నది అంటే బ్లర్ 3 వై 2, ఇంకోటి పెద్దది అంటే బ్లర్ 20 వై 10, రెండూ లేతగా. ఇక్కడే 2.10 కి 3.0 కి తేడా తెలుస్తుంది. 2.10 లో కొత్త ఫిల్టర్ నీడని అదే లేయర్‌లో కలిపేస్తుంది, తర్వాత మార్చాలంటే అన్‌డూ తప్ప దారి లేదు, నీడ వేరే లేయర్‌గా కావాలంటే లెగసీ అని పక్కన రాసి ఉన్న పాతదాన్ని వాడాలి. 3.0 లో ఫిల్టర్ లేయర్ మీద అలా నిలిచి ఉంటుంది, ఎఫెక్ట్స్ గుర్తు నొక్కి ఎప్పుడైనా నంబర్లు మార్చుకోవచ్చు, ఫైల్ సేవ్ చేసి మర్నాడు తెరిచినా మార్చుకోవచ్చు. నీడ పని అంటేనే పది సార్లు పేజీలో పెట్టి చూసి వెనక్కి వచ్చి కొంచెం తగ్గించుకోవడం కాబట్టి నాకు ఈ ఒక్క మార్పే పెద్ద వరం. ఒకే లేయర్ మీద రెండు డ్రాప్ షాడోలు కూడా పెట్టొచ్చు, కానీ రెండోది బొమ్మకి మాత్రమే కాకుండా మొదటి నీడకి కూడా నీడ వేస్తుంది, అనుకున్నదాని కంటే కొంచెం లావవుతుంది. చిన్న నీడ ముందు పెట్టి పెద్దది తర్వాత పెడితే పెద్దగా తెలియదు, కచ్చితంగా కావాలంటే మాత్రం లేయర్‌ని డూప్లికేట్ చేసి ఒక్కో కాపీకి ఒక్కో నీడ వెయ్యండి.

బాగా నచ్చిన నంబర్లు దొరికాక పైన ప్రీసెట్స్ పక్కన ప్లస్ నొక్కి పేరు పెట్టి దాచుకోండి. ఒక సైట్‌లో బొమ్మలన్నిటికీ వెలుగు ఒకే వైపు నుంచి రావాలి, ఒక బొమ్మకి నీడ కుడికి, ఇంకోదానికి ఎడమకి పడితే చూసేవాడికి కారణం తెలియకపోయినా పేజీ అతుకుల బొంతలా అనిపిస్తుంది. ప్రీసెట్ ఉంటే ఆ పొరపాటు జరగదు.

ఎక్స్‌పోర్ట్ దగ్గర కూడా ఓపిక కావాలి, ఎంత కష్టపడి వేసిన నీడైనా ఇక్కడ పాడవుతుంది. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ లేదు, పేజీ రంగుతో కలిపేసి పంపితే తప్ప కుదరదు. జిఫ్‌లో పిక్సెల్ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, సగం కనపడేది లేదు, కాబట్టి మెత్తటి నీడ అంచు గరుకుగా విరిగిపోతుంది. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 పీఎన్‌జీలో సగం ట్రాన్స్‌పరెన్సీ సరిగా చూపించేది కాదు, 2006 లో 7 వచ్చేదాకా అంతే, అందుకే జిఫ్ అంచులకి పేజీ రంగు పూసి నెట్టుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు పీఎన్‌జీ గానీ వెబ్‌పీ గానీ వాడండి చాలు. బరువు తగ్గుతుందని జింప్‌లో రంగుల సంఖ్య తగ్గించే ఇండెక్స్‌డ్ మోడ్‌కి మాత్రం మార్చొద్దు, అందులో సగం ట్రాన్స్‌పరెన్సీ ఉండదు, నీడ చచ్చిపోతుంది. పీఎన్‌జీ విండోలో ట్రాన్స్‌పరెంట్ పిక్సెల్స్ రంగులు కూడా సేవ్ చేసే ఆప్షన్ ఉంటుంది, టిక్ తీసేస్తే ఫైల్ తగ్గొచ్చు. వెబ్‌పీ అయితే మామూలు క్వాలిటీ 80 కి తగ్గించినా పర్లేదు, ఆల్ఫా క్వాలిటీ మాత్రం 100 దగ్గరే ఉంచండి, నీడ మొత్తం ఆల్ఫాలోనే ఉంది కదా.

పెద్ద నీడల్లో చారలు వస్తాయి, దానికి లెక్క ఉంది. 8 బిట్ ఆల్ఫాలో 256 మెట్లు, ఒపాసిటీ 0.25 అంటే మనం వాడేది వాటిలో ఓ 64 మెట్లే, బ్లర్ 40 పెడితే నీడ అంచు లోపలికి 120, బయటికి 120 కలిపి 240 పిక్సెల్స్ దాకా పాకుతుంది, అంటే ఒక్కో మెట్టు సుమారు నాలుగు పిక్సెల్స్ వెడల్పు, నునుపైన రంగు మీద కన్ను దాన్ని పట్టేస్తుంది. ప్రెసిషన్‌ని 16 బిట్‌లో పెట్టుకుని నీడ వేసి, చివర్లో 8 బిట్‌కి మార్చేటప్పుడు డిథరింగ్ (మెట్ల మధ్య పిక్సెల్స్‌ని చెదరగొట్టి కలపడం) ఆన్ చేస్తే చారలు చాలావరకు కరిగిపోతాయి. ఫైల్ కొంచెం బరువెక్కుతుంది, నేనైతే ఆ బరువు మోస్తా.

రెటీనా స్క్రీన్ల (పిక్సెల్స్ బాగా దగ్గరగా ఉండేవి) కోసం బొమ్మ రెట్టింపు సైజులో చేస్తే నీడ నంబర్లు కూడా రెట్టింపు చెయ్యాలి, బ్లర్ 14 ఉంటే 28, వై 8 ఉంటే 16, ఒపాసిటీ మాత్రం అంతే. సీఎస్ఎస్‌లో బ్యాక్‌గ్రౌండ్ సైజు ఇచ్చేటప్పుడు నీడ మార్జిన్ కూడా కలిపి ఇవ్వాలి, బొమ్మ ఒక్కదాని కొలతే ఇస్తే అంతా కుంచించుకుపోతుంది, పొజిషన్ కూడా మార్జిన్ అంత జరపాలి.

నా రేటింగ్ 5 కి 4. ఒక మార్కు ఆ మొదటి సెట్టింగ్స్‌కి, కాన్వాస్ పెరగకపోవడానికి కలిపి తీసేశా. 3.0 వచ్చాక 2.10 లో ఉండిపోవడానికి నీడ వరకైతే నాకు కారణం కనిపించలేదు. ఒపాసిటీ తేల్చుకునే ముందు మాత్రం పేజీని ఫోన్‌లో ఒకసారి బ్రైట్‌నెస్ తగ్గించి, ఒకసారి పెంచి చూడండి, నేను మానిటర్ మీద 0.3 బాగుందనుకున్నవి ఫోన్‌లో చూశాక దాదాపు అన్నీ 0.22 కి దింపా.